కుడి అంచు దాకా

నా ఫొటోల్లో నలుపు ఎక్కువ. స్ట్రోక్ వల్ల నా చూపు దెబ్బతిందని తెలిసినవాళ్లు, నాకు కనిపించని భాగం ఆ నలుపేమో అనుకుంటారు. కాదు. నాకు కనిపించని చోట నలుపు కూడా ఉండదు. మీ తల వెనక ఉన్నది మీకు చీకటిగా కనిపిస్తుందా? అసలు కనిపించదు, అంతే. నా కుడివైపు కూడా అలాగే పోయింది.

కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి, మాట తడబడలేదు. అందుకే మొదట ఎవరికీ స్ట్రోక్ అనే అనుమానం రాలేదు, కుడి కన్ను పాడైందనుకున్నాం. తీరా చూస్తే ఏ కన్ను మూసినా ఒకటే. మెదడు వెనక భాగంలో, ఎడమవైపు, రక్తనాళానికి గడ్డ అడ్డుపడిందని స్కాన్ చూసి డాక్టర్ చెప్పారు. రెండు కళ్లూ కుడివైపు చూసేదంతా చేరేది అక్కడికేనట. ఇలా రెండు కళ్లలోనూ ఒకే పక్క చూపు పోవడాన్ని హెమియనోపియా అంటారు. చదువుతుంటే పొడుగాటి మాటల చివరలు అందేవి కావు. మనుషులు కుడిపక్క నుంచి ఉన్నట్టుండి ఊడిపడేవాళ్లు, గుండె ఝల్లుమనేది. బండి నడపడం మానేశాను.

తిరిగొచ్చే చూపు ఎక్కువగా మొదటి 3 నెలల్లోనే వస్తుందన్నారు. నాకు మధ్యలో సన్నటి పట్టీ అంత వచ్చింది. మిగతాది రాలేదు. ఆ టెన్షన్‌లో కెమెరా బ్యాగ్ తెరవడానికే మనసొప్పలేదు.

థెరపిస్ట్ నేర్పిన పద్ధతి చాలా సులువు. కాగితం కుడి అంచున దట్టంగా ఒక గీత గీసి, ప్రతి వరుసలోనూ ఆ గీత కనపడేదాకా కళ్లు తిప్పమనేవారు. చదవడానికి ఓపిక లేని రోజుల్లో చెక్ ఫొటోగ్రాఫర్ జోసెఫ్ సుడెక్ తీసిన ఫొటోలు ముందు పెట్టుకునేదాన్ని. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న ఆయన, 1940 నుంచి 1954 దాకా తన స్టూడియో కిటికీనే మళ్లీ మళ్లీ తీశారు. చెమ్మ పట్టిన ఆ అద్దాల మీద ఎడమ నుంచి కుడికి చూపు నడిపించడమే నా వ్యాయామం.

ఆ గీతనే కెమెరాకీ తెచ్చుకున్నాను. వెనక స్క్రీన్ కుడి అంచున తెల్ల టేపు అంటించాను. ట్రైపాడ్ వేసి, స్క్రీన్‌ని మోనోక్రోమ్‌లో పెడతాను. కెమెరా దాచే అసలు ఫైల్‌లో (RAW) రంగులు ఎలాగూ ఉంటాయి, కానీ తీసేటప్పుడు అవి నాకు అడ్డం. ఎర్రటిదేదైనా ఉంటే కన్ను అక్కడే ఆగిపోతుంది. నలుపు తెలుపుల్లో మాత్రం వెలుగూ నీడా కలిసే అంచు పట్టుకుని కుడికి సాగిపోగలను. టేపు కనిపించాకే షట్టర్ నొక్కుతాను.

ఇప్పుడు ముఖ్యమైనదాన్ని కావాలనే కుడి చివర పెడుతున్నాను. ఖాళీ గోడ, ఆ చివర ఒక కుర్చీ కాలి మీద పడ్డ ఎండ. నాకది వెంటనే దొరకదు, వెతుక్కోవాలి. చూసేవాళ్లు కూడా వెతుక్కోవాలని నా కోరిక. అందుకే ఈమధ్య ప్రింట్లు బాగా వెడల్పుగా వేయిస్తున్నాను, పక్కకి ఒకటి రెండు అడుగులు వేస్తే తప్ప కుడి అంచు అందనంత.