బ్యాట్స్‌మన్ కాళ్లలో కనిపించే వేగం

టీవీలో ఫాస్ట్ బౌలింగ్ చూసేవారికి మొదటి నుంచీ ఒక చిక్కు ఉంది. బౌలర్ వెనక, మైదానం చివర ఎత్తులో ఉండే కెమెరా దూరాన్ని కుదించి చూపిస్తుంది కాబట్టి 22 గజాల పిచ్ తెర మీద జానెడంత అయిపోతుంది. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికీ, 125 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికీ తేడా కంటికి ఆనదు. మొదటి రకం బంతి బౌలర్ చేతిని వదిలిన అర సెకను లోపే బ్యాట్స్‌మన్‌ను చేరుతుందన్న సంగతి ఎవరో చెబితే తప్ప తెలియదు. నేను ఆటను శ్రద్ధగా చూడడం మొదలుపెట్టిన 1980ల చివరి సంవత్సరాల్లో వేగాన్ని అంకెల్లో చూపించే ఏర్పాటు కూడా ఉండేది కాదు. అందుకని వేరే ఆనవాళ్లు వెతుక్కోవలసి వచ్చేది. స్లిప్ ఫీల్డర్లు ఎంత వెనక నిలబడ్డారు, వికెట్ కీపర్ బంతిని మోకాళ్ల దగ్గర అందుకుంటున్నాడా లేక ఛాతీ మీదికి వస్తోందా అని గమనించేవాణ్ని. అన్నిటికన్నా నమ్మకమైన ఆనవాలు మాత్రం బ్యాట్స్‌మన్ కాళ్లు. ముందుకు రావలసిన కాలు క్రీజులోనే పాతుకుపోయిందంటే, దానికి కారణం ఆ బంతిలో ఉండదు. అంతకు ముందు వేసిన నాలుగైదు బంతుల్లో ఉంటుంది. ఈ సంగతి తెలిశాక స్కోరు కార్డులో వికెట్ల వరుస చూసి బౌలర్ గొప్పతనాన్ని లెక్కగట్టడం నాకు ఎప్పుడూ సరిపడలేదు.

ఈ కొలతలో నాకు అందరికన్నా ముందు నిలిచేవాడు మాల్కం మార్షల్. వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లు అనగానే తాటిచెట్టంత మనుషులు గుర్తుకొస్తారు. జోయెల్ గార్నర్ ఎత్తు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. మార్షల్ ఆరడుగులైనా లేడు. ఆ లోటునే అతడు ఆయుధంగా మార్చుకున్నాడు. పొడుగాటి బౌలర్ వేసిన బౌన్సర్ చాలాసార్లు తల మీదుగా పోతుంది, కాబట్టి వంగి తప్పించుకునే వీలుంటుంది. మార్షల్ బౌన్సర్ అలా లేవదు. పిచ్ మీద జారినట్టుగా వచ్చి గొంతు దగ్గరికి చేరుతుంది, వంగినా ప్రమాదమే, నిలబడినా ప్రమాదమే. 1983 అక్టోబరులో కాన్పూర్ టెస్టులో సునీల్ గవాస్కర్ అంతటి వాడి చేతిలోని బ్యాట్ మార్షల్ బంతి తాకిడికి ఎగిరి పడింది. ఆ సిరీస్‌లో మార్షల్ ఆరు టెస్టుల్లో 33 వికెట్లు తీశాడు. నేను ఆ దృశ్యాన్ని చాలా ఏళ్ల తరువాత రికార్డింగులో చూశాను, చూసిన ప్రతిసారీ గవాస్కర్ కాళ్ల మీదికే దృష్టి పోతుంది. అంత కచ్చితంగా కదిలే కాళ్లు కూడా ఆ క్షణంలో ఎటూ పోలేకపోయాయి. గవాస్కర్ పరువు కోసం ఇది కూడా చెప్పాలి: ఆ వెంటనే జరిగిన ఢిల్లీ టెస్టులో అదే బౌలింగ్‌ను చితకబాది 121 పరుగులు చేసి, బ్రాడ్‌మన్ 29 శతకాల రికార్డును సమం చేశాడు.

మార్షల్ గురించి చెప్పేటప్పుడు ఇంగ్లండ్‌తో జరిగిన 1984 హెడింగ్లీ టెస్టును వదిలిపెట్టడం కుదరదు. ఎడమ చేతి బొటనవేలు విరిగిన మనిషి, అవతలి ఎండ్‌లో ల్యారీ గోమ్స్ శతకం పూర్తి చేసుకోవడానికి తోడుగా ఒంటి చేత్తో బ్యాటింగ్ చేశాడు. తరువాత కట్టు కట్టిన ఆ చేతితోనే బౌలింగ్‌కు దిగి 53 పరుగులకు 7 వికెట్లు తీశాడు. అందరూ ఆ కట్టు గురించే మాట్లాడతారు గానీ, నన్ను ఆకట్టుకున్నది ఆ రోజు అతడు తగ్గించిన వేగం. గాలిలో తేమను చూసుకుని స్వింగ్ మీద, అంటే బంతి గాలిలో పక్కకు తిరగడం మీద, ఆధారపడ్డాడు. ఎంత వేగంగా వేయగలడో ప్రపంచమంతా ఎరిగిన బౌలర్ ఒకింత నెమ్మదిగా వేస్తుంటే, బ్యాట్స్‌మన్ పాత భయంతో వెనక కాలి మీదే ఉండిపోతాడు. మార్షల్ 81 టెస్టుల్లో, ఒక్కో వికెట్‌కు 21 పరుగులైనా ఇవ్వకుండా 376 వికెట్లు పడగొట్టాడు. 1999లో, 41 ఏళ్ల వయసులోనే క్యాన్సర్ అతణ్ని తీసుకుపోయింది.

వెస్టిండీస్‌కే చెందిన కర్ట్లీ ఆంబ్రోస్‌ది పూర్తిగా మరో పద్ధతి. ఆరడుగుల ఏడంగుళాల ఎత్తు నుంచి, ఎక్కువ హడావుడి లేని రనప్‌తో వచ్చి, గుడ్ లెంగ్త్‌కు కాస్త వెనకగా, ఆఫ్ స్టంప్ పక్కన ఒకే చోట బంతిని కొడుతూ ఉండేవాడు. ముందుకు వచ్చి ఆడడానికి అది పొట్టి బంతి, వెనక్కి వెళ్లి ఆడడానికి నిడివైన బంతి. 1993 జనవరి 30న పెర్త్‌లో ఆస్ట్రేలియా 2 వికెట్లకు 85 పరుగులతో నిలకడగానే ఉంది. ఆ తరువాత ఆంబ్రోస్ 32 బంతుల్లో ఒకే ఒక్క పరుగిచ్చి ఏడు వికెట్లు తీశాడు. జట్టంతా 119కి కుప్పకూలింది. అలన్ బోర్డర్ లాంటి మొండివాడు సున్నాకే వెనుదిరిగాడు. ఆ స్పెల్‌లో మాయాజాలమేమీ కనిపించదు. పాదాల దగ్గర పడే యార్కర్లతో స్టంపులు ఎగరగొట్టలేదు, బౌన్సర్లతో భయపెట్టలేదు. ఎక్కువమంది వికెట్ కీపర్‌కో స్లిప్ ఫీల్డర్లకో దొరికిపోయారు. ఆడకుండా వదిలేస్తే స్టంపులకు తగులుతుందేమోనన్న అనుమానం, ఆడితే అంచుకు తగులుతుందన్న భయం, ఈ రెండింటి నడుమ కాలు అటూ ఇటూ కాకుండా ఆగిపోయిన చోటే ప్రతి వికెట్టూ పడింది. అంతకు ముందు టెస్టును అడిలైడ్‌లో ఒకే ఒక్క పరుగు తేడాతో గెలిచిన వెస్టిండీస్, ఈ మ్యాచ్‌ను ఇన్నింగ్స్ తేడాతో గెలిచి సిరీస్‌ను ఎగరేసుకుపోయింది.

అదే నెలలో సిడ్నీలో వన్డే ఫైనల్ జరిగినప్పుడు, తెల్ల బంతి సరిగా కనిపించడం లేదంటూ ఆంబ్రోస్ చేతికున్న తెల్లని పట్టీని తీసేయమని డీన్ జోన్స్ అడిగాడు. ఆంబ్రోస్ తీశాడు, ఐదు వికెట్లు కూడా తీశాడు. జోన్స్ ఫిర్యాదులో న్యాయం లేకపోలేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. కానీ నిద్రపోతున్న వాణ్ని లేపేముందు లేచినవాడు ఏం చేస్తాడో ఆలోచించుకోవాలి. మరుసటి ఏడాది ట్రినిడాడ్‌లో ఇంగ్లండ్ 194 పరుగుల లక్ష్యంతో దిగి 46కే ఆలౌటైనప్పుడు కూడా ఆంబ్రోసే 24 పరుగులకు 6 వికెట్లు తీశాడు. ఇన్నింగ్స్ మొదటి బంతికే మైక్ అథర్టన్ ఎల్బీడబ్ల్యూ అయ్యాడు.

అవతలి ఎండ్ నుంచి కోర్ట్నీ వాల్ష్ వేసేవాడు. టెస్టుల్లో 500 వికెట్ల మైలురాయిని మొట్టమొదట దాటినవాడు అతడే, చివరికి 519 దగ్గర ఆగాడు. అయినా ఆంబ్రోస్ నీడలోనే ఉండిపోయాడని నా అభిప్రాయం. 1987 ప్రపంచ కప్‌లో లాహోర్‌లో చివరి ఓవర్ వేస్తూ, బంతి వేయకముందే అవతలి ఎండ్‌లో క్రీజు వదిలి ముందుకు వెళ్లిన పాకిస్థాన్ బ్యాట్స్‌మన్ సలీమ్ జాఫర్‌ను రనౌట్ చేయకుండా వదిలేసి మ్యాచ్ పోగొట్టుకున్నాడు. అది తప్పో ఒప్పో గానీ, వాల్ష్ పేరు వినగానే నాకు ముందు అదే గుర్తుకొస్తుంది.

పాకిస్థాన్ బౌలర్లు వసీం అక్రమ్, వకార్ యూనిస్‌ల బౌలింగ్ చూస్తున్నప్పుడు నా కాళ్ల సూత్రాన్ని కొంత సవరించుకోవలసి వచ్చింది. వీళ్ల ముందు బ్యాట్స్‌మన్ కాలు సరైన చోటికే వచ్చేది. కాలు వచ్చిన తరువాత బంతి చోటు మార్చేది. కొత్త బంతి సాధారణంగా నునుపుగా ఉన్న వైపు నుంచి గరుకుగా ఉన్న వైపుకు తిరుగుతుంది. ఒక పక్కను చెమటతో నిగనిగలాడేలా ఉంచి, రెండో పక్కను అరగనిచ్చిన పాత బంతిని మంచి వేగంతో వేస్తే అది తారుమారై, నునుపు వైపుకే, అదీ ఆఖరి గజాల్లో, తిరుగుతుంది. రివర్స్ స్వింగ్ అంటే ఇంతే. చెప్పుకోవడానికి ఇంతే గానీ, దాన్ని ఆడవలసిన మనిషికి మూడు చెరువుల నీళ్లు తాగించే విద్య అది. వకార్ 87 టెస్టుల్లో తీసిన 373 వికెట్లలో సగానికి పైగా బౌల్డ్‌లూ ఎల్బీడబ్ల్యూలే. స్లిప్‌లో మనిషి ఉన్నాడా లేడా అన్నది అతనికి పట్టేది కాదు. పాదాల మీదికి దూసుకొచ్చే ఆ యార్కర్‌కు కావలసింది కాలి వేళ్లో స్టంపులో మాత్రమే.

వసీంకు అన్నీ తెలుసు. 1992 ప్రపంచ కప్ ఫైనల్లో మెల్‌బోర్న్‌లో నీల్ ఫెయిర్‌బ్రదర్, అలన్ లాంబ్ కలిసి ఇంగ్లండ్‌ను లక్ష్యం వైపు నడిపిస్తున్నారు, స్కోరు 4 వికెట్లకు 141. ఎడమచేతి వాటం వసీం రౌండ్ ద వికెట్, అంటే స్టంపులకు అవతలి పక్క నుంచి, వచ్చాడు. లాంబ్‌కు వేసిన బంతి లోపలికి కోణంగా వచ్చి, బ్యాట్ దగ్గరికి రాగానే బయటికి తిరిగి, ఆఫ్ స్టంప్‌ను ఎగరగొట్టింది. మరుసటి బంతికి క్రిస్ లూయిస్ ఎదురుగా నిలిచాడు. అప్పుడే చూసిన దాన్ని బట్టి ఎవరైనా బయటికి తిరిగే బంతికే సిద్ధపడతారు. ఇది లోపలికి వచ్చింది, బ్యాట్ లోపలి అంచును తాకి స్టంపుల మీద పడింది. రెండు బంతుల్లో ప్రపంచ కప్ చేతులు మారింది. నాకు మాత్రం వసీం పేరు చెబితే 1999 జనవరిలో చెన్నైలో రాహుల్ ద్రవిడ్‌కు వేసిన బంతి ఇంకా ముందు కళ్ల ముందుకొస్తుంది. మిడిల్, లెగ్ స్టంప్‌ల దిశగా వచ్చిన బంతికి ద్రవిడ్ శాస్త్రోక్తంగా బ్యాట్ అడ్డం పెట్టాడు; కాలు, తల, మోచేయి అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. పడ్డాక బయటికి తిరిగిన బంతి ఆఫ్ స్టంప్‌ను తాకింది. బ్యాట్స్‌మన్ వైపు ఏ లోపమూ లేకుండా పడిన వికెట్లను నేను చాలా కొద్దిగా చూశాను, వాటిలో ఇది మొదటిది. ఆ మ్యాచ్‌లో సచిన్ 136 చేసినా భారత్ 12 పరుగుల తేడాతో ఓడింది.

మన జట్టులో ఫాస్ట్ బౌలర్ ఉండడమే అపురూపమైన రోజుల్లో కపిల్‌దేవ్ ఏళ్ల తరబడి ఆ బరువు మోశాడు. అహ్మదాబాద్‌లో 1983లో వెస్టిండీస్‌పై 83 పరుగులకు 9 వికెట్లు తీసి కూడా ఓడిపోయిన జట్టులో నిలబడవలసి వచ్చింది. ఆ తరువాత వచ్చిన జవగళ్ శ్రీనాథ్‌కు జరగవలసినంత గౌరవం జరగలేదు. 1991లో ఆస్ట్రేలియాలో తొలి టెస్టు ఆడిన మనిషి, సొంతగడ్డ మీద టెస్టు ఆడడానికి కపిల్ తప్పుకొనేదాకా ఎదురుచూశాడు. 1996 నవంబరులో అదే అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికాకు 170 పరుగుల లక్ష్యం ఉన్నప్పుడు, జీవం లేని పిచ్ మీద స్టంపులకే గురిపెట్టి 21 పరుగులకు 6 వికెట్లు తీశాడు. హ్యాన్సీ క్రోనే 48 పరుగులతో అజేయంగా మిగిలాడు, జట్టంతా 105కే ముగిసింది. నెల తిరగగానే డర్బన్‌లో అలన్ డోనాల్డ్ బాకీ తీర్చాడు; భారత్ 100, 66 పరుగులకు ఆలౌటైంది.

ఆస్ట్రేలియా బౌలర్ గ్లెన్ మెగ్రాత్‌ను ఈ వరుసలో చేర్చడం లేదని ఎవరైనా అలగవచ్చు. 563 వికెట్ల బౌలర్‌ను గౌరవిస్తాను. కానీ అతని బౌలింగ్ చూస్తూ ఊపిరి బిగబట్టిన గుర్తు లేదు. పాకిస్థాన్ బౌలర్ షోయబ్ అక్తర్ విషయంలో సరిగ్గా దానికి తలకిందులు. 1999 ఫిబ్రవరిలో ఈడెన్ గార్డెన్స్‌లో వరుస బంతుల్లో ద్రవిడ్‌ను, సచిన్‌ను బౌల్డ్ చేసినప్పుడు అంత పెద్ద మైదానం నోట మాట లేకుండా పోయింది. ఆ మ్యాచ్‌లోనే శ్రీనాథ్ 13 వికెట్లు తీశాడని ఎంతమందికి గుర్తుందో!

వికెట్ల లెక్కకు అందని స్పెల్ అంటే 1998 ట్రెంట్ బ్రిడ్జ్ టెస్టులో నాలుగో రోజు సాయంత్రం ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ అథర్టన్‌కు దక్షిణాఫ్రికా బౌలర్ డోనాల్డ్ వేసినదే. ఇంగ్లండ్ 247 పరుగుల లక్ష్యాన్ని ఛేదిస్తోంది. అథర్టన్ గ్లవ్‌ను తాకిన బంతిని కీపర్ మార్క్ బౌచర్ పట్టాడు, అంపైర్ ఔటివ్వలేదు, అథర్టన్ కదలలేదు. అక్కడి నుంచి డోనాల్డ్ వేసిన బంతులు ఒంటి మీదికే వచ్చాయి. బంతికీ బంతికీ మధ్య ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. నాసర్ హుస్సేన్ ఇచ్చిన క్యాచ్‌ను బౌచర్ వదిలేసినప్పుడు డోనాల్డ్ పెట్టిన కేకను ఆ మ్యాచ్ చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు. ఆ స్పెల్‌లో అతనికి వికెట్ దక్కలేదు, ఇంగ్లండ్ గెలిచింది, అథర్టన్ 98తో అజేయంగా మిగిలాడు.

దానితో పోల్చదగినది మరొక్కటే చూశాను. 2011 జనవరిలో కేప్‌టౌన్‌లో దక్షిణాఫ్రికా బౌలర్ డేల్ స్టెయిన్ బయటికి తిరిగే ఔట్‌స్వింగర్లు వేస్తుంటే సచిన్ టెండూల్కర్ బంతి వెంట బంతి ఓడిపోతూ, మరుక్షణమే ఏమీ జరగనట్టు మళ్లీ క్రీజులో నిలబడుతూ, అవతలి బ్యాట్స్‌మన్‌కు స్టెయిన్ బౌలింగ్ వీలైనంత తక్కువగా దక్కేలా చూసుకున్నాడు. బ్యాట్‌ను దాటి పోయిన ఏ బంతి వెంటా అతని చేతులు వెళ్లలేదు. పాదాలు ప్రతిసారీ ఆఫ్ స్టంప్‌ను కప్పి, సరిగ్గా అక్కడే ఆగాయి. ఆ ఇన్నింగ్స్‌లో స్టెయిన్ ఐదు వికెట్లు తీశాడు, సచిన్ 146 చేశాడు, మ్యాచ్ డ్రా అయింది. చివరికి సచిన్‌ను బౌల్డ్ చేసింది మోర్నీ మోర్కెల్.