బియ్యంలో బి1, బి2 కొలిచాను – నా అనుభవం

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి బియ్యంలో థయమిన్ (విటమిన్ బి1), రైబోఫ్లేవిన్ (బి2) హెచ్‌పీఎల్‌సీ మీద, అంటే ద్రావణంలోని పదార్థాలని విడదీసి కొలిచే మెషిన్ మీద చెయ్యాలి అనగానే అందరూ మెషిన్ గురించే చెప్పారు, తీరా దిగాక చూస్తే కష్టమంతా శాంపిల్ ఇంజెక్ట్ చెయ్యకముందే ఉంది.

పాలిష్ బియ్యం, ఉప్పుడు బియ్యం, దంపుడు బియ్యం మూడూ మెత్తగా పిండి చేసి 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కలిపి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు పెట్టాం. అంత వేడికి బి1 పోదా అని చాలామందికి డౌట్, యాసిడ్‌లో ఉన్నంతసేపు బాగానే తట్టుకుంటుందండి, పీహెచ్ పెరిగితేనే చేజారిపోతుంది. చల్లారాక సోడియం అసిటేట్‌తో పీహెచ్ 4.5కి తెచ్చి టాకాడయాస్టేజ్ ఎంజైమ్ వేసి రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచాలి. గింజలో కొంత బి1 ఫాస్ఫేట్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది, దాన్ని విడగొట్టకపోతే ఆ భాగం మెషిన్ గ్రాఫ్‌లో మనం కొలిచే బి1 పీక్‌లోకి రాదు, లెక్క తక్కువ తేలుతుంది, అందుకే ఈ స్టెప్ దగ్గర తొందరపడకండి. ఇక రైబోఫ్లేవిన్‌కి వెలుతురు అస్సలు పడదు, కిటికీ పక్క బల్ల వద్దనుకుని ఫ్లాస్కులకి ఫాయిల్ చుట్టి, అంబర్ వయల్సే వాడాం.

నాకు బాగా నచ్చింది థయోక్రోమ్ స్టెప్. థయమిన్ యూవీ కింద తనంతట తాను వెలగదు, ఆల్కలీలో పొటాషియం ఫెర్రిసైనైడ్ వేస్తే థయోక్రోమ్‌గా మారుతుంది, దాన్ని ఐసోబ్యుటనాల్‌లోకి లాగి ట్యూబుని యూవీ ల్యాంప్ కింద పెడితే పై పొర నీలంగా వెలుగుతుంది. దంపుడు బియ్యం ట్యూబు చక్కగా వెలిగింది, పాలిష్ బియ్యంది కనీకనపడనట్టు ఉంది, హెచ్‌పీఎల్‌సీ దాకా పోకుండానే తేడా కళ్ళకి కట్టింది!

తర్వాత హెచ్‌పీఎల్‌సీలో విటమిన్లని విడదీసే సి18 కాలమ్ (గొట్టం), అందులోంచి పంపే ఫాస్ఫేట్ బఫర్, మిథనాల్, ఆ వెలుగుని కొలిచే ఫ్లోరోసెన్స్ డిటెక్టర్, ఇదంతా మామూలే. ఒక్కటి మాత్రం చెప్తా, రన్ అయ్యాక నేరుగా మిథనాల్ పంపకండి, ముందు నీళ్ళతో బాగా కడగండి, లేదంటే బఫర్‌లోని ఉప్పు లోపల గడ్డకట్టి ప్రెషర్ పెరుగుతుంది. శాంపిల్‌కి లెక్క తెలిసిన స్వచ్ఛమైన విటమిన్ (స్టాండర్డ్) కలిపి, అందులో ఎంత తిరిగి లెక్కకి వచ్చిందో (రికవరీ) చూసుకోకుండా ఏ నంబరూ నమ్మొద్దు.

మా బి1 రిజల్ట్స్ వరస ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళ 2017 ఆహార పట్టికల వరసలోనే వచ్చింది, దంపుడుకి ఎక్కువ, తర్వాత ఉప్పుడు, పాలిష్‌కి బాగా తక్కువ. వడ్లు ఉడికించేటప్పుడు తవుడు వైపున్న బి1 గింజ లోపలికి దిగుతుంది కాబట్టి ఉప్పుడు బియ్యం పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. 1930ల్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో బి1 లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు ఎందుకుందో పోషకాహార శాస్త్రవేత్త ఆక్రాయిడ్ బృందం చూసినప్పుడు కూడా వాళ్ళ దృష్టి పడింది ఈ ఉడికించకుండా మిల్లులో పాలిష్ పట్టిన పచ్చి బియ్యం మీదే, అది మన కోస్తానే కదా, చదివినప్పుడు మనసుకి చాలా కష్టంగా అనిపించింది. ఇప్పుడు బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి కూడా శాంపిల్‌గా పెడుతున్నాం, బి1 నీళ్ళతో ఎంత పోతోందో అక్కడే తేలాలి.