ఇసకపల్లి ఉప్పు, నా మొదటి నాలుగు నిమిషాలు

మంచి కెమెరా కొన్నాకే సినిమా తీయడం మొదలుపెట్టాలని ఏళ్ల తరబడి వాయిదా వేశాను. పోయిన ఏప్రిల్లో మా మామ ఫోన్ చేసి, "అబ్బయా, వాన పడిందంటే ఈ ఏడాదికి ఉప్పు లేనట్టే, వచ్చి చూసిపో" అన్నాడు. జేబులో ఉన్న ఫోన్‌తోనే నెల్లూరు జిల్లా అల్లూరు మీదుగా ఇసకపల్లి వెళ్లాను.

మామ ముప్ఫై ఏళ్లుగా ఉప్పు మడుల్లో పని చేస్తున్నాడు. ఎండెక్కితే మడిలో నిలబడలేరు కాబట్టి తెల్లారేసరికే దిగుతారు. నీరు ఆవిరై అడుగున కట్టిన ఉప్పును, పొడవాటి కర్రకు పలక బిగించిన పారతో గట్టుకు లాగుతారు.

మొదటి రోజు తీసిందేదీ పనికిరాలేదు. ఉప్పేమో బూడిద రంగులో ఉంది, మామ మొహం నల్లగా ఉంది. ఫ్రేములో తెలుపు ఎక్కువైతే ఫోన్ దాన్ని అతి వెలుతురు అనుకుని మొత్తాన్నీ చీకటి చేస్తుందని అప్పుడు తెలిసింది. మర్నాడు మామ మొహం మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్, అంటే ఫోన్ తీసుకునే వెలుతురు మోతాదు, మారకుండా లాక్ చేశాను. వీడియోలో ఉప్పు కాస్త మరీ తెల్లబడిపోయింది. పోనీ, నాక్కావలసింది ఆయన మొహం.

రాత్రి ఇంట్లో మాట్లాడిస్తే ట్యూబులైటు వల్ల వీడియోలో నల్ల చారలు కదిలాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. దానికి సరిపడేలా సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 1/50 వంతు పెట్టగానే చారలు పోయాయి.

అన్నిటికన్నా ఏడిపించింది శబ్దం. సముద్రపు గాలి హోరులో పార చప్పుడు ఒక్కటి కూడా పడలేదు. అందుకే మూడోసారి బొమ్మ కోసం కాకుండా చప్పుడు కోసమే వెళ్లాను. గట్టు వారగా కూర్చుని, గాలికి వీపు అడ్డం పెట్టి, ఫోన్‌ను తువ్వాలు మడతలో దాచి రికార్డు చేశాను. పలక నీళ్లలో ఉన్నంతసేపు సర్రుమంటుంది, గట్టు ఎక్కేటప్పుడు కరకరమంటుంది. ఆ రెండు చప్పుళ్లనూ బొమ్మ కింద పేర్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా నా దగ్గర ఉన్నవి వీడియోలు. ఆ రాత్రి మాత్రం ఒక మడి కనిపించింది.

ఎడిటింగ్ డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో చేశాను. డెబ్భై నిమిషాలు నాలుగు నిమిషాలయ్యాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. డబ్బు పెట్టదలిస్తే ముందు మైకు కొనండి.

మామకు చూపించాను. చూస్తున్నంతసేపు పలకలేదు. అయిపోయాక, "మీ అత్త ఏదిరా ఇందులో?" అన్నాడు.

లాగిన ఉప్పునంతా గంపలకెత్తి గుట్ట పోసేది అత్తే. ఆమె నా ఫ్రేముకు అడ్డం వచ్చిన ప్రతిసారీ "కాస్త పక్కకు జరుగు అత్తా" అన్నాను. ఆమె పాపం జరిగింది.

వచ్చే ఎండాకాలం గంప వెనకాలే నడుస్తాను.