తెల్ల సీలింగ్ బర్న్ కాకుండా లైటింగ్ సర్దుకున్న నా అనుభవం

ఇంటీరియర్ రెండర్లు (గదిని కంప్యూటర్‌లో ఫొటోలా తయారుచేసే చిత్రాలు) చేసేవాళ్లకి తెల్ల రంగుతో ఎప్పుడూ ఒక పేచీ ఉంటుంది. టేకు సోఫా బాగానే వస్తుంది, పూజగది తలుపు చెక్కడాలు బాగానే వస్తాయి, సీలింగ్ మాత్రం బర్న్ అయిపోతుంది, అంటే వెలుగు ఎక్కువై వివరాలన్నీ పోయి ఉట్టి తెలుపు మిగులుతుంది. ఈమధ్య విజయవాడలో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ వాక్‌త్రూ (ఇంట్లో నడుస్తూ చూస్తున్నట్టుండే వీడియో) చేస్తుంటే నాకూ అదే ఎదురైంది. "ఎక్స్‌పోజర్ (చిత్రం మొత్తం వెలుగు) తగ్గించెయ్" అనేవాళ్లే తప్ప అసలు ఎందుకలా అవుతుందో చెప్పేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను వాడింది బ్లెండర్ 4.3 అనే 3డీ సాఫ్ట్‌వేర్, అందులో వేగంగా రెండర్ చేసే ఈవీ ఇంజిన్. అందులోనే ఉన్న సైకిల్స్ అనే ఇంకో ఇంజిన్‌లో చేస్తే కిటికీలోంచి వచ్చిన వెలుగు నేల మీద పడి, గోడకి తగిలి, సీలింగ్ దాకా తనే వెళ్తుంది. కానీ సెకనుకి 25 ఫ్రేముల లెక్కన నిమిషం వీడియోకి 1500 ఫ్రేములు. ఫ్రేముకి మూడు నిమిషాలే అనుకున్నా 75 గంటలు. ఒకే కంప్యూటర్ ఉన్నవాడికి అది అయ్యే పని కాదు. అందుకని చాలామందిలాగే నేనూ ఈవీలో ఏరియా లైట్లు (పలకలా వెడల్పుగా వెలిగేవి; ఇలా నీడలు నింపడానికి పెట్టినవాటినే ఫిల్ లైట్లు అంటాం) పెట్టి, గోడల నుంచి తిరిగొచ్చే వెలుగుని అవే ఇస్తున్నట్టు నడిపిస్తాను.

టెస్ట్ ఫ్రేమ్ పంపగానే ఇంటావిడ ఫోన్ చేశారు. "ఏమండీ, హాల్లో స్టెప్ సీలింగ్ అనుకున్నాం కదా, ఆ స్టెప్పు ఏదండీ? తెల్లకాగితం అంటించినట్టుంది." ఆవిడ అన్నది నిజం. పీఓపీ అంచులు, కోవ్ గాడి (లైట్లు దాచే సందు) అన్నీ 255లో, అంటే తెర చూపించగల పూర్తి తెలుపులో, కలిసిపోయాయి.

ముందు వ్యూ ట్రాన్స్‌ఫామ్‌ని (లెక్కించిన వెలుగుని తెర మీద ఎలా చూపించాలో చెప్పే సెట్టింగ్) ఫాల్స్ కలర్‌లోకి మార్చాను. వెలుగు ఎక్కడ ఎంతుందో రంగుల్లో చూపిస్తుంది: మధ్యస్థంగా ఉన్నచోట బూడిద రంగు, మితిమీరినచోట ఎరుపు, ఇంకా పైకి పోతే తెలుపు. సీలింగ్ మొత్తం ఎరుపే. తర్వాత లైట్లన్నీ ఆపి ఒక్కొక్కటే వెలిగించి చూశాను. ఇక్కడే అసలు సంగతి బయటపడింది. ఏ ఒక్క లైటూ విడిగా సీలింగ్‌ని బర్న్ చెయ్యడం లేదు. కిటికీ వెలుగు ఒక్కటే ఉంటే సీలింగ్ విలువ 0.6 దగ్గర ఉంది. రెండు ఫిల్ లైట్లు చెరో 0.25 ఇస్తున్నాయి. మూడూ కలిస్తే 1.1. అప్పటికి నేను పెట్టుకున్న స్టాండర్డ్ వ్యూలో 1 అంటే పూర్తి తెలుపు, అది దాటిందంటే అక్కడ ఇంక వివరం ఉండదు.

మరి ఫిల్ లైట్లు అంత ఎందుకు పెరుగుతాయి? మనం వాటిని సోఫాని చూస్తూ పెంచుతాం కాబట్టి. ముదురు టేకు తన మీద పడిన వెలుగులో పదో వంతు తిప్పి పంపితే, తెల్ల పెయింట్ ఎనభై శాతం దాకా తిప్పి పంపుతుంది. అంటే ఎనిమిది రెట్లు. సోఫా కింద నీడలో ఏముందో కనిపించాలని లైటు కొంచెం పెంచితే, ఆ భారమంతా సీలింగ్ మీద పడుతుంది. ఇది తెలిశాక ఎక్స్‌పోజర్ జోలికి వెళ్లబుద్ధి కాలేదు. దాన్ని తగ్గిస్తే సీలింగ్‌తో పాటు సోఫా కూడా చీకట్లోకి పోతుంది, మళ్లీ ఫిల్ పెంచాలి, కథ మొదటికొస్తుంది.

కాబట్టి తెలుపుని మెటీరియల్ దగ్గరే పట్టుకున్నాను. లైబ్రరీ నుంచి వచ్చిన గోడ మెటీరియల్‌లో బేస్ కలర్ (పడిన వెలుగులో ఎంత తిప్పి పంపాలో చెప్పే విలువ) 1.0 ఉంది. పడిన వెలుగునంతా తిప్పి పంపే పెయింట్ లోకంలో ఏ కంపెనీ అమ్మదు. మూసి ఉన్న తెల్లగదిలో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది: గోడ 0.8 తిప్పి పంపితే వెలుగు తిరిగి తిరిగి మొత్తం ఐదు రెట్లకి చేరుతుంది, 0.9 అయితే పది రెట్లకి, 1.0 అయితే దానికి అంతు అనేదే ఉండదు. గోడలు 0.75, సీలింగ్ 0.8 పెట్టాను.

తర్వాత లెక్క రెండుసార్లు పడుతున్న చోటు చూశాను. సీన్‌లో వాల్యూమ్ ప్రోబ్ (గదిలో తిరిగే వెలుగుని నమోదు చేసేది) బేక్ చేసి, అంటే ముందే లెక్కించి దాచి ఉంది. తిరిగొచ్చే వెలుగు కొంత అందులోనే ఉంటుంది. పైగా ఫిల్ లైట్లు వెలుగుతుండగా బేక్ చేస్తే, మనం దొంగచాటుగా పెట్టిన వెలుగు కూడా గోడల మీద తిరిగి లెక్కలో చేరుతుంది. ఫిల్స్ ఆపి, సూర్యుడూ ఆకాశమూ మాత్రమే ఉంచి మళ్లీ బేక్ చేశాను. ఆ ఒక్క పనికే సగం ఎరుపు పోయింది.

మిగిలిన ఫిల్‌కి లైట్ లింకింగ్ వాడి సీలింగ్‌ని దాని పరిధిలోంచి తీసేశాను. ఈవీకి ఈ సదుపాయం 4.3లోనే వచ్చింది. ఇంకా పాత వెర్షన్ వాడేవాళ్లు లైటుకి కస్టమ్ డిస్టెన్స్ పెట్టి, వెలుగు సీలింగ్ దాకా చేరకుండా ఆపుకోవచ్చు. ఫిల్ లైటు మెరుపు ప్రభావాన్ని కూడా సున్నా చేశాను. లేకపోతే నేల మీది తెల్ల విట్రిఫైడ్ టైల్స్‌లో గదిలో లేని ట్యూబ్‌లైటు ప్రతిబింబం కనిపిస్తుంది.

సీలింగ్‌కి వెలుగు ఎక్కడి నుంచి రావాలి? నేల నుంచి. కిటికీ ఎండ పడేచోట, నేలకి కాస్త పైన ఒక ఏరియా లైటు పైకి తిప్పి పెట్టాను, రంగు మాత్రం టైల్స్ నుంచే తీసుకున్నాను, లేత గోధుమ ఛాయ. 1984లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు రేడియోసిటీ (ఒక గోడ నుంచి ఇంకో గోడకి తిరిగే వెలుగుని లెక్కించే) పద్ధతిని చూపించినప్పుడు రంగు గోడ ఛాయ పక్కనున్న తెలుపు మీదికి రావడమే అందరికీ నిజం అనిపించిన విషయం. ఫిల్ లైట్లని స్వచ్ఛమైన తెలుపులో ఉంచితే సీలింగూ గోడా ఒకేలా కనిపిస్తాయి. ఈ ఛాయ పడగానే స్టెప్పు నిలువు అంచు చల్లగా, అడుగుభాగం వెచ్చగా విడిపోయాయి. గాడి లోతు కోసం సీలింగ్ మెటీరియల్‌లో యాంబియంట్ అక్లూజన్ నోడ్ (మూలలూ సందులూ కాస్త ముదురుగా చూపించేది) పెట్టి, దూరం 0.3 మీటర్లు ఇచ్చి, దాన్ని బేస్ కలర్‌తో గుణించాను. అంతకన్నా ఎక్కువ దూరం ఇస్తే మూలలు పొగ పట్టినట్టవుతాయి.

అన్నీ అయ్యాకే ఏజీఎక్స్ వ్యూకి వెళ్లాను. బ్లెండర్ 4.0 నుంచి అదే డిఫాల్ట్. ఎక్కువ వెలుగుని ఒక్కసారి నరికేయకుండా మెల్లగా తెలుపు వైపు తీసుకెళ్తుంది. కానీ దానితో పెయింటు కాస్త మురికిగా కనిపిస్తుంది, ఇంటివాళ్లు దాన్ని ఒప్పుకోరు. మీడియం హై కాంట్రాస్ట్ లుక్ పెట్టి, ఎక్స్‌పోజర్ కొద్దిగా పెంచితే సరిపోయింది. ఫ్రేములు ఈఎక్స్ఆర్ ఫైళ్లుగా తీశాను. మామూలు పీఎన్జీ ఫైల్లో తెగిపోయిన తెలుపు మళ్లీ రాదు, ఈఎక్స్ఆర్‌లో 1 దాటిన విలువ కూడా అలాగే ఉంటుంది.

చివరి ఫాల్స్ కలర్‌లో బాల్కనీ తలుపు దగ్గర ఎండ పడిన జానెడు మేర మాత్రం ఇంకా ఎరుపు చూపించింది. దాన్ని కావాలనే ఉంచేశాను. మే నెల మధ్యాహ్నం హాల్లోంచి ఏ కెమెరాతో తీసినా అక్కడ తెలుపే వస్తుంది.