వడ్రంగి ఇల్లు, బూడిదరంగు బస్సులు

జర్మనీలోని హైడెల్‌బర్గ్ స్టేషన్‌లో దిగిన టూరిస్టులు చాలామంది పాత ఊరికీ, కొండమీది కోటకూ వెళ్లే బస్సు ఎక్కుతారు. నేనూ నా స్నేహితుడూ మాత్రం బెర్గ్‌హైమ్ పేట వైపు నడిచాం. యూనివర్సిటీ ఆసుపత్రి పాత ఆవరణ అక్కడే ఉంది. అందులో ఒకప్పటి లెక్చర్ హాలు 2001 నుంచి మ్యూజియం. పేరు ప్రింట్స్‌హార్న్ సంగ్రహం. దాన్ని చూడటానికే స్టుట్‌గార్ట్ నుంచి బయల్దేరాం. పక్కనే మానసిక వైద్యశాల ఇప్పటికీ నడుస్తోంది. మేం వెళ్లేసరికి ఇద్దరు ముగ్గురు బయట బెంచీ మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు.

హాన్స్ ప్రింట్స్‌హార్న్ మొదట కళాచరిత్ర చదివి, తర్వాత డాక్టరయ్యాడు. 1919లో ఇక్కడ చేరాక, దేశంలోనూ బయటా ఉన్న పిచ్చాసుపత్రులకు ఉత్తరాలు రాసి, రోగులు గీసినవీ, కుట్టినవీ, చెక్కినవీ ఏవున్నా పంపమన్నాడు. రెండేళ్లలో దాదాపు 450 మంది చేసినవి 5000 దాకా పోగయ్యాయి. 1922లో వాటి మీద బొమ్మలతో సహా ఒక పెద్ద పుస్తకం వేశాడు. చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ ఆ పుస్తకాన్ని పారిస్ తీసుకెళ్లి కవి పాల్ ఎలువార్‌కి ఇచ్చాడు. అధివాస్తవికులకు, అంటే అక్కడి సర్రియలిస్టు కవులకూ చిత్రకారులకూ, అది ఇష్టమైన పుస్తకమైపోయింది. కళాచరిత్రలో ఈ కథను ఇక్కడి నుంచి పారిస్ వైపు తిప్పి చెప్పడం అలవాటు. నాకు మాత్రం బొమ్మలు వేసినవాళ్లు ఏమయ్యారో తెలుసుకోవాలనిపించింది.

గాజు పెట్టెలో ఒక జాకెట్ ఉంది. ఆగ్నెస్ రిష్టర్ అనే కుట్టుపని చేసుకునే ఆవిడ 1895 ప్రాంతంలో, సాక్సనీలోని హ్యూబర్టస్‌బర్గ్ ఆసుపత్రిలో ఉండగా, ఆసుపత్రి గుడ్డతోనే కుట్టుకుంది. దాని మీద లోపలా బయటా రంగురంగుల దారాలతో అక్షరాలు కుట్టింది. ఒంటికి ఆనేచోట అరిగిపోయి కొన్ని చదవడానికి రావు. చదవగలిగినచోట 'నేను' అని పదేపదే వస్తుంది. 'నా జాకెట్', 'నా తెల్ల మేజోళ్లు' అని ఉంటుంది. చాకలి గుర్తుగా ఆసుపత్రివాళ్లు ఆమెకిచ్చిన 583 అంకె కూడా ఆ కుట్లలోనే ఉంది. పేరు బదులు నంబరు ఇచ్చినచోట కూర్చుని ఇది నాది, ఇది నేను అని సూదితో రాసుకున్న మనిషికి తెలివి లేదని ఎలా అనగలం? ఆ పెట్టె ముందు చాలాసేపు ఉండిపోయాను.

ఎమ్మా హౌక్ కాగితాలు ఇంకా కష్టం. ఈమె 1909లో ఈ హైడెల్‌బర్గ్ ఆసుపత్రిలోనే చేరింది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. భర్తకు పెన్సిలుతో ఉత్తరాలు రాసింది. దూరం నుంచి చూస్తే బూడిదరంగు నిలువు చారలు. దగ్గరికెళ్తే ఒకటే మాట, రా, రా, రా అని, ఒకదాని మీద ఒకటి పడేలా, కాగితం నల్లబడేదాకా. వాటిని పోస్టు చేయలేదు. కేసు ఫైల్లో పెట్టారు. ఆమె 1920లో వీస్లోఖ్ ఆసుపత్రిలో పోయింది. ఇవి గొప్ప కళ అని రాసినవాళ్లున్నారు. కావచ్చు. కానీ అవి ముందు ఒకరికి చేరాల్సిన ఉత్తరాలు. నాకు ఆ విషయమే పెద్దదిగా కనిపించింది.

మా అమ్మ పెద్దన్నయ్య, మా పెదమామయ్య, కాగితం దొరికితే చాలు అంకెలు రాసేవాడు. పంచాంగం అంచుల్లో, మందుల చీటీల వెనక. పెరటి గదిలో ఉండేవాడు. అమ్మమ్మ మూడు పూటలా కంచం పట్టుకెళ్లి, తిన్నాక గాని వచ్చేది కాదు. ఆయన పోయాక నోటుపుస్తకాలన్నీ చిత్తుకాగితాలవాడికి తూకానికి వేశారు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, దాచాలని తట్టలేదంతే. హైడెల్‌బర్గ్‌లో ఒక డాక్టరుకి తట్టింది. ఈ మ్యూజియం మీద నాకున్న గౌరవమంతా అందుకే.

ప్రింట్స్‌హార్న్ తన పుస్తకంలో పది మంది గురించి వివరంగా రాశాడు. వాళ్లలో 'పోల్' అని మారుపేరు పెట్టిన మనిషి అసలు పేరు ఫ్రాంజ్ కార్ల్ బ్యూలర్. ఇనుముతో కళాకృతులు చేసే కమ్మరి. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో అతని పనికి బహుమతి వచ్చింది. స్ట్రాస్‌బర్గ్‌లో కళాశాలలో పాఠాలు చెప్పాడు. ఎవరో తనను వెంటాడుతున్నారన్న భయం మొదలై, ఉద్యోగం పోయి, చివరికి ఎమెండింగెన్ ఆసుపత్రిలో పడ్డాడు. అక్కడ దశాబ్దాలపాటు రంగు పెన్సిళ్లతో బొమ్మలు వేశాడు. గొంతు నులిమే దేవదూత బొమ్మ ఒకటుంది. మెరిసే ముఖం, చేతిలో కత్తి, కింద మనిషి మెడ మీద అదుముతున్న చేయి, అన్నీ ఒకదాన్లో ఒకటి మెలిపడి ఉంటాయి. ఇనప తీగను వంచిన చేయి అది, గీతలో తెలిసిపోతుంది.

అతని వివరాల చివర్లో ఉన్న తేదీ, 1940 మార్చి 5. చోటు, గ్రాఫెనెక్. విషవాయువుతో చంపారు.

అప్పటికి ఈ హైడెల్‌బర్గ్ వైద్యశాలకు కార్ల్ ష్నైడర్ అనే ప్రొఫెసర్ అధిపతి. మానసిక రోగుల్ని చంపే నాజీ పథకంలో పాలుపంచుకున్నవాడు. ఇక్కడి బొమ్మలు కొన్నింటిని నాజీల 'భ్రష్ట కళ' ప్రదర్శనకు పంపారు. ఆధునిక చిత్రకారుల పనుల పక్కన పెట్టి, చూడండి వీళ్లకూ పిచ్చివాళ్లకూ తేడా లేదని జనాన్ని నవ్వించడానికి. ఆసుపత్రి ముందు 1998లో పెట్టిన స్మారకం ఉంది. ష్నైడర్ పరిశోధన కోసం ఐక్‌బర్గ్‌లో చంపించిన 21 మంది పిల్లల గుర్తుగా. లెక్కలు, ఫైళ్లు, సంతకాలు, పరిశోధన పత్రాలు, అన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. మతి తప్పడమంటే ఏమిటని ఆలోచించేవాళ్లు, బొమ్మలు చూశాక ఆ రాళ్ల దగ్గర కూడా కాసేపు నిలబడాలి.

మర్నాడు ట్యూబింగెన్ వెళ్లాం. నెకర్ నది ఒడ్డున, పాత కోటగోడను ఆనుకుని పసుపురంగు గుండ్రటి బురుజు. కవి ఫ్రీడ్‌రిష్ హోల్డర్లిన్ తన బతుకులో రెండో సగం, 36 ఏళ్లు, అక్కడే గడిపాడు. ఆ ఊళ్లో దూరాలు చాలా తక్కువ. ఆయన చదువుకున్న మఠ విద్యాలయం ఒక సందు దూరం. తర్వాత పెద్ద తత్వవేత్తలైన హెగెల్, షెల్లింగ్ అక్కడ ఆయనతో ఒకే గదిలో ఉన్నారు. ముగ్గురూ పాతికేళ్లలోపు కుర్రాళ్లు. ఫ్రెంచి విప్లవం గురించీ, గ్రీకుల గురించీ మాట్లాడుకుంటూ లోకాన్ని మళ్లీ కడదామనుకున్నవాళ్లు.

తర్వాత ఆయన ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక బ్యాంకరు ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆ ఇంటి ఇల్లాలు సుజెట్‌ని ప్రేమించాడు. 1802లో ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి తిరిగొచ్చేనాటికే మనిషి మారిపోయాడు. ఆ జూన్‌లోనే ఆమె చనిపోయింది. మరుసటి ఏడాది షెల్లింగ్ హెగెల్‌కి ఉత్తరం రాస్తూ, ఇక్కడ నేను చూసినవాటిలో అన్నిటికన్నా బాధ కలిగించింది హోల్డర్లిన్‌ని చూడటమే అన్నాడు. జెనాలో నీ దగ్గర ఉంచుకోగలవా అని అడిగాడు. అది జరగలేదు. 1806 సెప్టెంబరులో ఆయన్ను బలవంతంగా బండి ఎక్కించి ట్యూబింగెన్ తెచ్చారు. బుర్సె అనే పాత భవనంలో కొత్తగా పెట్టిన క్లినిక్‌లో ఏడున్నర నెలలు ఉంచారు. ఆ క్లినిక్ డాక్టరు ఔటెన్‌రీత్, అరిచే రోగుల నోరు మూయించడానికి ముసుగు కనిపెట్టినవాడు. ఇక బాగుపడడు, మహా అయితే మూడేళ్లు బతుకుతాడని చెప్పి పంపేశారు.

ఆ బుర్సె భవనంలో ఇప్పుడు యూనివర్సిటీ తత్వశాస్త్రం, కళాచరిత్ర శాఖలున్నాయి. మెట్ల మీద కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చున్నారు. హెగెల్ తర్వాతి రోజుల్లో రాసిన మాట ఒకటి నాకు చాలా ఇష్టం. పిచ్చి అంటే మతి పూర్తిగా పోవడం కాదనీ, ఇంకా ఉన్న మతిలోపలే ఏర్పడిన వైరుధ్యమనీ, వైద్యుడు ఆ మిగిలిన మతిని నమ్ముకునే చూడాలనీ ఆయన వాదన. ఎంతో దయగల ఆలోచన. కానీ ఆయన మొదటి మహాగ్రంథం వచ్చిన 1807లోనే, ఆయన పాత స్నేహితుణ్ని ఇంటికి తీసుకెళ్లినవాడు ఒక వడ్రంగి మేస్త్రీ.

ఎర్న్‌స్ట్ జిమ్మర్ ఆయన పేరు. క్లినిక్ నుంచి బురుజు దాకా రెండు నిమిషాల నడక. హోల్డర్లిన్ నవల చదివి నచ్చి, ఆ రాసినాయన ఇలా ఉన్నాడని తెలిసి తెచ్చుకున్నాడు. తిండికీ గదికీ కవి కుటుంబపు డబ్బులోంచి ఖర్చు వచ్చేది, నిజమే. అయినా డబ్బిచ్చి 36 ఏళ్ల ఓపికను కొనలేం. 1838లో జిమ్మర్ పోయాక కూతురు లొట్టె ఆ పని చేసింది, 1843లో కవి కన్నుమూసేదాకా.

పాత ఇల్లు 1875లో కాలిపోతే మళ్లీ కట్టారు కాబట్టి గది అచ్చంగా అదే కాదు. కిటికీలోంచి కనిపించే నెకర్ మాత్రం అదే. ఆయన పియానో వాయించేవాడు, గంటలకొద్దీ పచార్లు చేసేవాడు, చూడటానికి వచ్చినవాళ్లను 'మహాప్రభూ' అనీ 'మహాత్మా' అనీ పిలిచేవాడు. ఒకసారి జిమ్మర్ దగ్గర గ్రీకు గుడి బొమ్మ చూసి, నాకూ చెక్కతో ఒకటి చేసిపెట్టమన్నాడు. నేను రొట్టె కోసం పనిచేయాలి, మీలా తత్వచింతనలో హాయిగా ఉండలేను అన్నాడు జిమ్మర్. అయ్యో, నేనూ పేదవాణ్నే అని, హోల్డర్లిన్ అక్కడికక్కడే పెన్సిలుతో ఒక చెక్క మీద నాలుగు పాదాలు రాశాడు. జిమ్మర్ ఆ సంగతిని 1812లో కవి తల్లికి రాసిన ఉత్తరంలో చెప్పాడు. ఆ పాదాల భావం ఇది:

జీవితపు గీతలు రకరకాలు,
దారుల్లాగా, కొండల అంచుల్లాగా.
ఇక్కడి మనల్ని అక్కడొక దేవుడు పూరిస్తాడు,
స్వరమేళంతో, చెరగని ఫలంతో, శాంతితో.

ఈ బురుజు గోడ మీద ఒకప్పుడు ఎవరో స్థానిక యాసలో 'హోల్డర్లిన్‌కి పిచ్చి లేదు' అని రంగుతో రాశారు. 1978లో పియర్ బెర్తో అనే ఫ్రెంచి పండితుడు కూడా అలాగే వాదించాడు. నా స్నేహితుడికి ఆ వాదన బాగా నచ్చింది. "అంత రాసినాయన్ని పిచ్చివాడంటే ఎలా ఒప్పుకుంటాంరా?" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా ఇద్దరికీ అక్కడే కిటికీ దగ్గర గట్టిగానే వాదన జరిగింది. పిచ్చి లేదని నిరూపిస్తేగాని ఆయన్ని గౌరవించలేమా? జిమ్మర్ అలాంటి షరతు పెట్టలేదు. పద్యాలు బాగున్న రోజూ, బాగా లేని రోజూ భోజనం పెట్టాడు.

చివరి ఏళ్ల పద్యాలు సుమారు 50 మిగిలాయి. ఎక్కువగా ఋతువుల మీద, తేటగా, కుదురుగా ఉంటాయి. వాటిలో 'నేను' దాదాపు కనిపించదు. చాలావాటి కింద 'వినయంతో, స్కార్డనెల్లి' అని సంతకం. తేదీలు ఆయన ఇష్టం. ఒకదానికి 1648, ఇంకోదానికి 1748. వేసవి మీద రాసిన ఒక పద్యం కింద తేదీ చూపించి నా స్నేహితుడు చేయి పట్టుకున్నాడు. "ఒరేయ్, ఇది చూడు."

1940 మార్చి 9.

బ్యూలర్‌ని చంపిన నాలుగు రోజులకు. కాకతాళీయమే, అందులో జోస్యం లేదు. అలాంటి మాటలు నేను నమ్మను. కానీ గ్రాఫెనెక్ అక్కడికి 45 కిలోమీటర్ల దూరం. మా ప్లాన్‌లో లేదు. వెళ్లకుండా ఇంటికి తిరిగి రావడం ఇద్దరి వల్లా కాలేదు.

కారు అద్దెకు తీసుకుని స్వాబియన్ కొండలెక్కాం. పొలాల్లో ఇంకా అక్కడక్కడా మంచు ఉంది. దారిలో మార్బాఖ్ గుర్రాల శాల, దాని తర్వాత చెట్ల వరస, పైన తెల్లటి కోట. వికలాంగుల ఆశ్రమంగా ఉన్న ఆ కోటను 1939 అక్టోబరులో ప్రభుత్వం లాక్కుంది. 1940 జనవరి నుంచి డిసెంబరు దాకా ఆసుపత్రుల నుంచి బూడిదరంగు బస్సుల్లో జనాన్ని తెచ్చి, ఒక షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్‌తో చంపారు. మొత్తం 10,654 మంది. ఇళ్లకు డాక్టరు సంతకంతో, ఏదో జబ్బు పేరుతో అబద్ధపు ఉత్తరాలు వెళ్లాయి. ఎమ్మా రాసిన ఉత్తరాలు ఇంటికి చేరలేదు, ఇవి మాత్రం చేరాయి.

షెడ్డు ఇప్పుడు లేదు, 1965లో కూల్చేశారు. గోడలు లేని ఒక కప్పు, దాని కింద రాతి బల్ల, దగ్గర్లో పేర్ల పుస్తకం. బ్యూలర్ కోసం వచ్చాం గాని, పేర్లు చూస్తుంటే ఆ ఆలోచనే ఇబ్బందిగా అనిపించింది. మిగతావాళ్లలో బొమ్మ గీసినవాళ్లెందరు, పద్యం రాసినవాళ్లెందరు? అంకెలు రాసుకున్నవాళ్లు తప్పకుండా ఉండి ఉంటారు. ప్రతిభ ఉంది కాబట్టి బ్యూలర్‌కి ఎక్కువ దుఃఖపడటం, పిచ్చి లేదు కాబట్టి హోల్డర్లిన్‌ని గౌరవించడం, రెండూ ఒకటే లెక్క. ఆ లెక్కను ఇంకాస్త పొడిగించినవాళ్లే ఈ కొండ మీదికి బస్సులు నడిపారు. ఈ మాట కారులో చెబితే, నా స్నేహితుడు చాలాదూరం ఏమీ అనలేదు. తర్వాత, "ఆ పద్యాలు నాకు నచ్చడంలో తప్పేముంది?" అన్నాడు. తప్పేమీ లేదు. నాకూ నచ్చాయి.

కోటలో ఇప్పుడు మళ్లీ వికలాంగులూ, మానసిక రోగులూ ఉంటున్నారు. ఆవరణలో ఒకాయన మా దగ్గరికొచ్చి, కారు ఏ కంపెనీదని అడిగి, చుట్టూ తిరిగి చూసి, షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లాడు.

ఇటువైపు వచ్చే మనవాళ్లకు ఒక సూచన. ప్రింట్స్‌హార్న్ మ్యూజియంలో కాగితం మీది పనులు వెలుతురుకి పాడవుతాయని మార్చి మార్చి పెడతారు, సోమవారం తెరవరు. జాకెట్ చూడాలనుకుంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. బురుజుకీ గ్రాఫెనెక్‌కీ ఒకే రోజు కారులో వెళ్లిరావచ్చు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ముందు బురుజుకి వెళ్లండి, వడ్రంగి కథ వాళ్లకు చెప్పండి.