ఆక్సిజన్ అదే 4, ఫిల్మ్ మాత్రం రోజుకో రకం

అనంతపురంలో పీహెచ్‌డీ చేస్తూ జింక్ ఆక్సైడ్ ఫిల్మ్‌లతో ఆరు నెలలు కుస్తీ పట్టాను. స్పట్టరింగ్ (అయాన్లతో కొట్టి లోహాన్ని లేపి పలుచని ఫిల్మ్‌గా పేర్చే పద్ధతి) చేసేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది జింక్ లోహపు టార్గెట్, అంటే అయాన్లు కొట్టే లోహపు బిళ్ల. ఆర్గాన్ అయాన్లు తగిలి లేచిన జింక్, మనం వదిలే కొద్దిపాటి ఆక్సిజన్‌తో కలిసి గాజు పలక మీద జింక్ ఆక్సైడ్‌గా పేరుకుంటుంది. ఆర్గాన్ 20 ఎస్‌సీసీఎం (నిమిషానికి ఎన్ని ఘన సెంటీమీటర్ల గ్యాస్ వెళ్తోందో చెప్పే కొలత), ఆక్సిజన్ 4 పెడితే సోమవారం ఫిల్మ్ తేటగా వచ్చింది, ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో స్ఫటికాలను గుర్తించే పరీక్ష) 34.4 డిగ్రీల దగ్గర జింక్ ఆక్సైడ్ సన్నని పీక్ ఒక్కటే. బుధవారం అవే అంకెలకు గోధుమ రంగు ఫిల్మ్, పైగా 43 డిగ్రీల దగ్గర జింక్ లోహపు పీక్! సార్‌కు ఏం చెప్పాలో తెలియక ఒకటే టెన్షన్.

నోట్‌బుక్ తిరగేస్తే అసలు సంగతి తెలిసింది. సోమవారం ఆక్సిజన్‌ను 6 నుంచి 4కి దించాను, బుధవారం సున్నా నుంచి 4కి పెంచాను. పెంచుతూ పోయేటప్పుడు శుభ్రమైన జింక్ వచ్చిన ఆక్సిజన్‌నంతా మింగేస్తుంది కాబట్టి ప్రెషర్ పెద్దగా కదలదు, ఒక దశలో టార్గెట్ పైపొరే ఆక్సైడ్‌గా మారి ఫిల్మ్ పెరిగే వేగం ఒక్కసారిగా పడిపోతుంది, అప్పుడు వెనక్కి తేవాలంటే ఆక్సిజన్‌ను ముందు మారిన చోటు కంటే బాగా కిందికి దించాలి. సోమవారం 4 దగ్గర టార్గెట్ మీద ఆక్సైడ్ పొర ఉంది, బుధవారం ఇంకా లోహమే. అంటే 4 అనే అంకె ఒక్కటే చాలదు, అక్కడికి ఏ దారిన వచ్చామో కూడా ముఖ్యం.

అది సరిచేశాక కూడా ఫిల్మ్‌ల రెసిస్టెన్స్ నిలకడగా లేదు. మా సీనియర్ అన్న వచ్చి, "లీక్ చూసినావా ప్పా?" అన్నాడు. పంప్ వాల్వ్ మూసి గేజ్ చూస్తే ప్రెషర్ గబగబా ఎక్కుతోంది. ఓ-రింగ్ (వాక్యూమ్ ఛాంబర్‌లోకి గాలి రాకుండా ఆపే రబ్బరు రింగ్) పగిలింది! లోపలికి గాలి, దాంతోపాటు తేమ. జింక్ ఆక్సైడ్‌లో హైడ్రోజన్ ఎలక్ట్రాన్లను ఇచ్చే డోపెంట్‌గా (కొద్దిగా కలిసినా వాహకతను మార్చే పదార్థంగా) పనిచేస్తుందని వాన్ డి వాలె అనే శాస్త్రవేత్త 2000లోనే లెక్కకట్టి చూపించారు, కాబట్టి వాన రోజుల్లో మా ఫిల్మ్‌ల రెసిస్టెన్స్ తగ్గడం వెనుక ఆ తేమలోని హైడ్రోజనే ఉందని నా అనుమానం. నేను వదలని గ్యాస్ కూడా నా ఫిల్మ్‌లో చేరుతోందన్నమాట.

ఇప్పుడు ముందు 5 నిమిషాలు లీక్ చూస్తాను. షటర్ (టార్గెట్‌కు, గాజు పలకకు మధ్య ఉండే అడ్డు) మూసి 15 నిమిషాలు ఆర్గాన్ ఒక్కదానితో టార్గెట్ శుభ్రం చేసి, ఆక్సిజన్ 6 దాకా ఎక్కించి, 4కి దించాకే షటర్ తీస్తాను. పోయిన నెల వరుసగా తొమ్మిది ఫిల్మ్‌లు ఒకేలా వచ్చాయి. వాటిని హాల్ కొలతలకు (ఫిల్మ్‌లో ఎలక్ట్రాన్లు ఎన్ని, ఎంత తేలిగ్గా కదులుతున్నాయో చూసే పరీక్షకు) పంపమన్నారు సార్.