గప్పీ పిల్లల్ని పెట్టింది, ఖాళీ సీసా కోసం వెతక్కండి

పొద్దున్నే గప్పీ చేపల ట్యాంక్ లైటు వేయగానే అద్దం మూలన, గులకరాళ్లకి ఆనుకుని, కనురెప్ప వెంట్రుకంత సన్నటిదేదో చటుక్కున కదులుతుంది. ముక్కు అద్దానికి ఆనించి చూస్తే రెండు నల్లటి కళ్లు, వాటి వెనక గాజులా కనిపించే ఒళ్లు. పొడవు ఆరేడు మిల్లీమీటర్లు. ఒకటి కంటపడిందంటే మొక్కల చాటున ఇంకో పదైనా ఉంటాయి.

చేపల్ని తెచ్చి ఇరవై రోజులు కూడా కాలేదు, అప్పుడే పిల్లలేంటి అని అందరూ అడుగుతారు. షాపు ట్యాంకులో ఆడామగా కలిసే ఉంటాయి కాబట్టి మీరు కొన్న ఆడగప్పీ అప్పటికే కడుపుతో ఉండి ఉంటుంది. మగచేప లేకుండా ఒక్కదాన్నే తెచ్చినా ఇదే జరుగుతుంది. ఆడగప్పీ మగచేప వీర్యాన్ని ఒంట్లో దాచుకుని, ఒక్కసారి కలిసినదానికి నెలల తరబడి కాన్పు మీద కాన్పు పెట్టగలదు. ఒక్కో కాన్పుకి 21 నుంచి 30 రోజులు, నీళ్లు వెచ్చగా ఉంటే ఇంకాస్త తొందరగా. తొలిసారి ఐదారు పిల్లలే రావచ్చు, ఒడ్డూ పొడుగూ ఉన్న తల్లి ఇరవై నుంచి యాభై దాకా పెడుతుంది. మాలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్‌ కూడా ఇదే కోవ: గుడ్లు పెట్టవు, ఈదే పిల్లల్నే కంటాయి. అద్దానికి జిగురు ముద్దలాంటిది అంటుకుని ఉండటం చూసి గప్పీ గుడ్లనుకునేవాళ్లున్నారు. అవి నత్త గుడ్లు, గీకి పారేయండి.

పిల్లలు కనబడగానే చేయాల్సిన మొదటి పని ఫిల్టర్ ఆపడం. మోటారుతో నడిచే ఫిల్టర్ నోరు ఈ సైజు పిల్లని ఒక్క గుటకలో లాగేస్తుంది. చాలామంది తల్లి తినేసిందనుకునే పిల్లల్లో కొన్ని ఫిల్టర్ డబ్బా విప్పితే అడుగున దొరుకుతాయి, కొన్నిసార్లు బతికే ఉంటాయి. ఫిల్టర్ నోటికి మందమైన స్పాంజ్ ముక్క తొడిగి రబ్బరు బ్యాండ్ వేసి మళ్లీ ఆన్ చేయండి. గంటలకొద్దీ ఆపి ఉంచితే లోపలి బ్యాక్టీరియా చస్తుంది, అది వేరే తలనొప్పి.

ఇక అసలు సంగతి. పిల్లల్ని చూసిన చేతులు నేరుగా వంటింట్లోకి వెళ్తాయి, ఖాళీ హార్లిక్స్ సీసానో గాజు గిన్నెనో తెస్తాయి. పెద్ద చేపలు తినేస్తాయన్న భయంతో పిల్లలన్నిటినీ అందులో వేసి, పాపం ఆకలేస్తుందని రోజుకి ఐదుసార్లు మేత చల్లుతారు. మూడోనాటికి సగం పోతాయి, వారానికి ఒకటో రెండో మిగులుతాయి. ఆ పిల్లల్ని చంపింది అమ్మోనియా. చేపలు వదిలేదీ, తినకుండా మిగిలిన మేత కుళ్లగా వచ్చేదీ అదే. ట్యాంకులో అయితే ఫిల్టర్ స్పాంజిలో పెరిగిన బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. రెండు లీటర్ల సీసాలో ఆ బ్యాక్టీరియా ఉండదు. నీళ్లు మాత్రం అద్దంలా తేటగానే కనిపిస్తాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మన బోరు నీళ్లలా పీహెచ్ 8 దగ్గరున్న నీళ్లలో అమ్మోనియా విషం ఇంకా పదునెక్కుతుంది. ట్యాంకులో వదిలేసిన పిల్లల్లో ఐదారైనా మిగులుతాయి గానీ సీసాలో ఆ ఆశ కూడా తక్కువే.

మరి ఎక్కడ ఉంచాలి? మూడు దారులున్నాయి.

యాభై లీటర్ల పైన ట్యాంకు ఉండి, మొక్కలు దట్టంగా ఉంటే ఏమీ చేయకపోవడం కూడా మంచి పద్ధతే. జావా మాస్ గుప్పెడు ముద్ద, హార్న్‌వర్ట్ రెండు మూడు కాడలు, పైన తేలే మొక్క ఏదైనా ఉంటే చాలు. చెరువులోంచి తెచ్చిన గుర్రపు డెక్క వేర్లు పిల్లలు దాక్కోవడానికి భలే పనికొస్తాయి గానీ వాటితోపాటు తూనీగ లార్వా వచ్చిందంటే రాత్రికి రాత్రి పిల్లల్ని ఖాళీ చేస్తుంది. లేత గులాబి రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ముంచి, బాగా కడిగి వేయండి. ఇక్కడ మిగిలే పిల్లలు కొన్నే, కానీ గట్టివి.

రెండోది ట్యాంకులోనే వేలాడదీసే బ్రీడింగ్ బాక్స్. వలగుడ్డ ఉన్నది తీసుకోండి, చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బా వద్దు. డబ్బాలో నీళ్లు సరిగ్గా ఆడక అడుగున మురికి పేరుకుపోతుంది. వల బాక్సులో ఉన్నది ట్యాంకు నీళ్లే కాబట్టి అమ్మోనియా బాధ తక్కువ. ఇరవై పిల్లలకి రెండు మూడు వారాలు సరిపోతుంది, ఆపైన ఇరుకై ఎదుగుదల ఆగుతుంది. తల్లిని మాత్రం అందులో వేయొద్దు. కంగారుపడి నెలలు నిండకముందే ఈనేస్తుంది, అలా పుట్టిన పిల్లల పొట్టకింద పసుప్పచ్చ సంచి వేలాడుతూ ఉంటుంది, అవి బతకడం కష్టం.

మూడోది, ఎక్కువ పిల్లలు దక్కాలంటే నేను చెప్పేది, 20 నుంచి 25 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు. సబ్బు తగలనిది. నీళ్లు పెద్ద ట్యాంకులోంచే తోడి పోయండి, కొత్త నీళ్లు వద్దు. అందులో గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టాలి, అదీ కనీసం నెలరోజులుగా పెద్ద ట్యాంకులో నడిచినది. కొత్త స్పాంజ్ పెడితే సీసాకీ టబ్బుకీ పెద్ద తేడా ఉండదు. పాత స్పాంజ్ లేకపోతే బాక్సే మేలు. అడుగున ఇసుకా రాళ్లూ ఏమీ వేయొద్దు, మురికి కంటికి కనబడాలి. ఒక మాస్ ముద్ద వేయండి, దానిమీద కంటికి ఆనని జీవాలు పెరుగుతాయి, పిల్లలు రోజంతా అక్కడే ఏరుకుతింటాయి.

పిల్లల్ని పట్టేటప్పుడు వలతో గాల్లోకి లేపకండి. చిన్న స్టీలు గ్లాసుని నీళ్లలో పక్కకి వంచి పిల్ల ముందు పట్టండి, వెనకనుంచి వేలు ఆడిస్తే నీళ్లతోపాటు తనే లోపలికి జారుతుంది.

మేతకొస్తే, పిల్ల పొట్ట సైజు దాని కంటి సైజు అని గుర్తుపెట్టుకుంటే ఎంత వేయాలో అర్థమవుతుంది. పెద్ద చేపలకి వేసే ఫ్లేక్స్‌నే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, పసుపు పొడంత మెత్తగా చేయండి. తడి చేసిన అగ్గిపుల్ల కొనని ఆ పొడిలో అద్ది నీటి మీద తాకిస్తే ఇరవై పిల్లలకి ఒక పూట సరిపోతుంది. రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి. రోజుకి మూడు నాలుగుసార్లు, కొంచెం కొంచెం. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు పొద్దున, సాయంత్రం, పడుకునేముందు వేసినా పెరుగుతాయి, కాస్త నెమ్మదిగా. ఉడికించిన గుడ్డు పచ్చసొన వేయమని అందరూ చెబుతారు. పిల్లలు తింటాయి, నిజమే. కానీ శనగగింజంత సొన పాతిక లీటర్ల నీళ్లని సాయంత్రానికి పాల విరుగుడులా చేయగలదు. వేస్తే కందిగింజలో సగమంత, పలచటి గుడ్డలో మూటకట్టి నీళ్లలో ఒక్కసారి పిండి తీసేయండి, గంటలో అడుగు శుభ్రం చేయండి. వారానికి ఒకటి రెండుసార్లు మించొద్దు.

అన్నిటికన్నా మేలైనది అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో బతికే చిట్టి రొయ్యలాంటి జీవి. గుడ్లు అక్వేరియం షాపులో చిన్న డబ్బాల్లో దొరుకుతాయి. లీటరు కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసేసి తలకిందులుగా నిలబెట్టండి. ముప్పాతిక లీటరు నీళ్లు, కల్లుప్పు 19 గ్రాములు, అంటే లీటరుకి 25 లెక్క. పావు టీస్పూను గుడ్లు. గాలి గొట్టం సీసా మూతి దాకా దించి, గుడ్లు ఒక్కటీ అడుగున ఆగకుండా నీళ్లు గిర్రున తిరిగేలా గాలి వదలాలి, పైన లైటు ఉండాలి. 26 నుంచి 28 డిగ్రీల్లో 24 గంటలకి పొదుగుతాయి, చలికాలం ముప్పై ఆరు గంటలు కూడా పట్టొచ్చు. తర్వాత గాలి ఆపి పది నిమిషాలు ఆగితే ఖాళీ పెంకులు గోధుమరంగు పొరలా పైకి తేలతాయి, నారింజరంగు పొడిలా ఆర్టీమియా కిందికి దిగుతుంది. కింది పొరనే సన్న గొట్టంతో లాగి, జేబురుమాలులో వడగట్టి, మంచినీళ్లతో ఉప్పు పోయేలా కడిగి వేయండి. పెంకులు అరగవు, పిల్లల పొట్టలో అడ్డం పడతాయి. అసలు తిన్నాయో లేదో కళ్లారా తెలిసే మేత ఇదొక్కటే: పది నిమిషాల్లో ప్రతి పిల్ల పొట్టా నారింజరంగు గింజలా మెరుస్తుంది. మెరవని పిల్ల ఉంటే తినడం లేదన్నమాట.

రోజూ చేయాల్సిన చాకిరీ అడుగు శుభ్రం. ఎయిర్ పంపుకి వాడే సన్న గొట్టం మీటరు ముక్క చాలు, పెద్ద సైఫన్ వద్దు. గొట్టం రెండో కొసని తెల్ల ప్లాస్టిక్ మగ్గులో వదలండి, బకెట్లో కాదు. తెల్లటి అడుగు మీద పొరపాటున లాగిన పిల్ల నల్లటి కళ్లతో ఇట్టే కనబడుతుంది, గ్లాసుతో తీసి వెనక్కి వేయొచ్చు. ఇలా రోజుకి రెండు మూడు లీటర్లు తీసి అంతే కొత్త నీళ్లు పోయాలి, అదీ గొట్టంతో నెమ్మదిగా, మగ్గుతో కుమ్మరించకుండా.

ఆ కొత్త నీళ్లు ఏవి? మున్సిపల్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే పోతుంది. పలచటి గుడ్డ మాత్రం కప్పండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. తొందరైతే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసినంత వేయాలి. బోరు నీళ్ల గట్టిదనం గప్పీలకీ మాలీలకీ నచ్చుతుంది, అయితే అప్పుడే మోటారు వేసి పట్టిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది, కొన్ని గంటలు గాలి పట్టించి పోయండి. ఆర్‌వో నీళ్లు తాగడానికి శుభ్రమైనవి కదా అని పోస్తారు. ఖనిజాలు దాదాపు లేని ఆ నీళ్లలో ఈ జాతి పిల్లలు నీరసించిపోతాయి.

ఇంట్లో ఎవరూ అనుమానించని శత్రువు ఇంకోటుంది. దోమల కాయిల్, ప్లగ్గుకి పెట్టే మందు, బొద్దింకల స్ప్రే. వీటిలో ఉండే పైరెత్రాయిడ్ మందులు చేపలకి మహా విషం, ఎయిర్ పంపు గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది. టబ్బు ఉన్న గదిలో వీటిని వాడొద్దు, మూత వేశాం కదా అనుకోవద్దు.

వేడి 25 నుంచి 28 డిగ్రీలుంటే హాయి. మే నెలలో విజయవాడలాంటి చోట టబ్బు నీళ్లు 32 దాటితే ఆక్సిజన్ పడిపోయి పిల్లలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. నీటి మీదుగా టేబుల్ ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఐసు ముక్కలు నేరుగా వేయకండి. కరెంటు పోయినప్పుడు మేత ఆపేయండి, అరగంటకోసారి మగ్గుతో నీళ్లు ఎత్తి పోస్తుంటే చాలు. చలికాలంలో హైదరాబాద్ రాత్రులకి 25 వాట్ల హీటర్ అవసరం పడుతుంది.

మొదటి రోజు కొన్ని పిల్లలు అడుగున పడుకుని ఉంటాయి, కంగారు పడకండి. మర్నాటికీ పొట్టమీద పాకుతున్నవి, వెన్ను వంకర ఉన్నవి బాగుపడవు. రెండు మూడు పోవడం మామూలే. రోజుకి నాలుగైదు పోతుంటే మేత సగానికి తగ్గించి, నీళ్లు మూడోవంతు మార్చండి. మందులు పోయకండి.

మూడు వారాలు దాటాక ఫోన్ కెమెరా జూమ్ చేసి పొట్టకింద రెక్క చూడటం మొదలుపెట్టండి. విసనకర్రలా విచ్చుకుంటే ఆడది, సన్నగా పుల్లలా మారుతుంటే మగది. ఆడపిల్లలకి ఆ రెక్క దగ్గరే నల్లటి మచ్చ కూడా ఉంటుంది. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య రెండిటినీ విడదీయకపోతే అన్నాచెల్లెళ్లే జతకట్టి, మూడో నెలకల్లా మనవలొస్తారు. సెంటీమీటరున్నర పెరిగితే పెద్ద ట్యాంకులోకి మార్చొచ్చు, పెద్ద చేప నోట్లో పట్టని సైజే ఇక్కడ కొలత.

ఎక్కువైన పిల్లల్ని షాపువాళ్లు చాలాచోట్ల మేత డబ్బాకి బదులుగా తీసుకుంటారు. చెరువులో, కాలవలో వదలొద్దు. ట్రినిడాడ్, వెనిజులా వైపు పుట్టిన ఈ చేప మన నీళ్లలో ఇట్టే పెరిగిపోయి, ఇక్కడి చిన్న చేపల మేత లాక్కుంటుంది. అసలు ఈ గొడవే వద్దనుకుంటే మగచేపల్నే పెంచండి, రంగులన్నీ వాటివే.

తల్లి మీ ట్యాంకులోనే ఉంటే, పిల్లలు కనబడిన తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. ఇరవయ్యో రోజు దాటాక దాని పొట్ట గుండ్రం పోయి పలకలు తేరినట్టు కనిపిస్తుంది, పొట్టకింద రెక్క దగ్గరి మచ్చ ఇంకా నల్లబడుతుంది. ఈసారి పిల్లలు రాకముందే ఫిల్టర్ నోటికి స్పాంజ్ తొడిగేయొచ్చు.